అడవిలో అన్నం: సద్దిమూటకు శుచి ఎక్కడిది?

ఇంట్లో వండిన అన్నాన్ని మూటగట్టి గడప దాటించి, చెట్టు కిందనో నీటి ఒడ్డునో నలుగురూ కలిసి తినడమే వనభోజనం. చూడటానికి ఇది ఒక సరదా. కానీ వంటింట్లో అన్నానికి కాపలా కాసే నియమాలన్నీ గడప దాటగానే సడలిపోతాయి. మడి నిలవదు. వండిన వేళకూ తినే వేళకూ మధ్య పూట గడిచిపోతుంది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పలేం. అయినా ఇదే భోజనాన్ని సంప్రదాయం పుణ్యకార్యమంది, కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద తప్పక చేయమంది. ఇంటి నియమాల ప్రకారం సందేహించవలసిన అన్నం అడవిలో పవిత్రం ఎలా అయింది? అన్నానికి శుచి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్న మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలకు కొత్తది కాదు. పశ్చిమ ప్రకాశానికి నల్లమలే గోడ, నల్లమలే తోట. ఒకే కొండరాతిలో ఎనిమిది శివాలయాలు తొలిచిన భైరవకోన, గుండ్లకమ్మ లోయలో నెమలిగుండ్ల రంగనాయకుని గుడి, శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్టవేసి నిలిపిన కంభం చెరువు, అన్నీ దేవుణ్ణీ చెట్టునూ నీటినీ ఒకే ప్రయాణంలో చూపించే చోట్లు. విజయనగర కాలపు ఆ చెరువును రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇక్కడివారికి అడవిలోకి వెళ్లడమంటే గుడికి వెళ్లడమే, గుడికి వెళ్లడమంటే మూట వెంట తీసుకెళ్లడమే. పట్నం పార్కులో పచ్చికమీద దుప్పటి పరిచి డబ్బా విప్పే కుటుంబానికి ఈ సంగతి గుర్తుండకపోవచ్చు గానీ, ఆ దుప్పటి కూడా ఈ వరసలోదే.

మూటలో ఏముంటుందన్నది ప్రశ్నలో మొదటి భాగం. మెట్టపొలాల సీమ కాబట్టి పాతకాలంలో సద్ది అంటే సజ్జరొట్టె, జొన్నరొట్టె, కొర్రన్నం. రొట్టె నడుమ ఎర్రకారమో శనగపొడో పెట్టి మడిచి, పచ్చి ఉల్లిపాయ తోడుగా గుడ్డలో కట్టుకుంటే రోజంతా చెడదు, చేతికి తడి అంటదు, పళ్లెం అక్కరలేదు. వరి వచ్చాక పులిహోర, దద్దోజనం ఆ చోటు తీసుకున్నాయి. భగవద్గీత 17వ అధ్యాయం మాత్రం ఈ మూటను కాస్త అనుమానంగానే చూస్తుంది. వండి జాము దాటింది, సారం పోయింది, రాత్రి నిలవున్నది, ఒకరు తినగా మిగిలింది తామసులకు ఇష్టమైన ఆహారమని అక్కడ చెప్పారు. ఈ లెక్కన పొలానికి సద్ది మోసిన ప్రతి రైతూ, శ్రీశైలానికి కాలినడకన వెళ్లిన ప్రతి భక్తుడూ తామసాహారమే తిన్నట్టు. తెలుగు భాష ఆ తీర్పును ఒప్పుకోలేదు. పెద్దల మాట చద్దిమూట అనే సామెత నిలవ అన్నాన్ని అనుభవంతో సమానం చేసి కూర్చోబెట్టింది.

ధర్మశాస్త్రం కూడా అంత పట్టుగా లేదు. మనుస్మృతి 5వ అధ్యాయం నిలవ అన్నాన్ని కూడదంటూనే దారి విడిచిపెట్టింది. నూనె, నెయ్యి కలిసిన వంటకం నిలవున్నా తినవచ్చు. యవలు, గోధుమలతో చేసినవి, పాలతో అయినవి ఎక్కువ సేపు ఉన్నా తినవచ్చు. పులిసిన వాటిని వద్దంటూనే పెరుగునూ దానితో చేసినవాటినీ మినహాయించింది. ఈ మినహాయింపులను వరసగా పెట్టి చూస్తే అచ్చంగా ప్రయాణపు వంటల జాబితా కనిపిస్తుంది: నూనెలో తాలింపు వేసిన పులిహోర, పెరుగు కలిపిన దద్దోజనం, నెయ్యి రాసిన రొట్టె. గోధుమ రొట్టె ముక్కల మధ్య వెన్నా కూరా పెట్టి పట్నంవాళ్లు పార్కుకు తీసుకెళ్లే శాండ్‌విచ్ కూడా ఈ సూత్రానికి పెద్ద దూరమేమీ కాదు.

ఈ మినహాయింపులకు వంటింటి ఆధారం ఉంది. చింతపండు పులుపు అన్నాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులను త్వరగా పెరగనివ్వదు. అందుకే పులిహోరలో పులుపు తగ్గితే రుచే కాదు, ఆయుష్షూ తగ్గుతుంది. దద్దోజనం విషయంలో ఇల్లాళ్ల నేర్పు ఇంకా గొప్పది. ప్రయాణానికి పెరుగన్నం కలపరు. గోరువెచ్చని అన్నంలో కాచిన పాలు ఎక్కువగా, పెరుగు ఒక చెంచా మాత్రమే వేస్తారు. దారిలో పాలు తోడుకుని, తినే వేళకు కమ్మగా ఉంటుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే మార్కాపురం వైపు అదే లెక్క పనిచేయదు. మధ్యాహ్నానికే పులిసిపోతుంది. అక్కడ గెలిచేది రొట్టె. వేళను బట్టి, నేలను బట్టి అన్నం మారాలన్న ఎరుక కూడా శుచిలో భాగమేనని ఒప్పుకోవాలి. చెడిన అన్నాన్ని ఏ మంత్రమూ బాగుచేయదు.

అయితే శుచి అంటే చెడిపోకపోవడం ఒక్కటే అయితే తత్త్వవేత్తలు ఇంత ఆలోచించనవసరం లేదు. ఛాందోగ్యోపనిషత్తు 7వ అధ్యాయం చివర ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుందని, మనసు శుద్ధమైతే స్మృతి నిలుస్తుందని, అప్పుడు ముడులన్నీ వీడుతాయని ఉంది. ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరు ఆచార్యులు రెండు దారులు పట్టారు. రామానుజ సంప్రదాయంలో ఆహారమంటే నోటితో తినేదే. దానికి మూడు దోషాలు చెబుతారు: ఆ పదార్థం జాతిని బట్టి వచ్చేది జాతిదోషం, అది ఎవరి చేతి నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఆశ్రయదోషం, వెంట్రుకో మట్టో ఎంగిలో తగలడం వల్ల వచ్చేది నిమిత్తదోషం. శంకరులు తమ భాష్యంలో ఆ మాటకు ధాత్వర్థం పట్టుకున్నారు. లోపలికి తెచ్చుకునేదంతా ఆహారమే. కన్ను చూసిన రూపం, చెవి విన్న శబ్దం, ఇంద్రియాలు పోగుచేసుకున్న ఎరుక అంతా ఆహారమే. రాగం, ద్వేషం, మోహం అంటకుండా దాన్ని తీసుకోవడమే ఆహారశుద్ధి.

వనభోజనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండు వ్యాఖ్యానాలూ కావాలి. శంకరుల అర్థంలో, భైరవకోన సెలయేటి పక్కన కూర్చున్నవాడు మూట విప్పకముందే భోజనం మొదలుపెట్టాడు. నీటి చప్పుడు, రాయి చల్లదనం, ఆకుల సందు నుంచి జారే వెలుగు అతని లోపలికి వెళుతూనే ఉన్నాయి. అందమైన చోట తినాలన్న కోరికను విలాసమని కొట్టిపారేయనవసరం లేదు. చుట్టూ ఉన్నదాన్ని కూడా మనిషి తింటాడు. అదే లెక్కన, స్పీకరు పెట్టి అడవిని వినిపించకుండా చేసినవాడు పులిహోర ఎంత మడిగా వండినా అశుద్ధమైన ఆహారమే తీసుకుంటున్నట్టు.

రామానుజుల అర్థం వనభోజనాన్ని మరింత ఇబ్బంది పెడుతుంది. జాతి, నిమిత్త దోషాలను జాగ్రత్తతో తప్పించుకోవచ్చు. ఆశ్రయదోషం అలాంటిది కాదు. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, పక్కన ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్న దాని నుంచే పుడుతుంది. శతాబ్దాలుగా పంక్తి విడగొట్టింది ఆ ప్రశ్నే. దీనికి జవాబు శాస్త్రంలో కన్నా పురాణంలో దొరుకుతుంది.

భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు అడవిలో తినే ఘట్టాల్లో రెండిటిని ఇక్కడ చూడాలి. పోతన తెలుగులో చేసిన తర్వాత ఆ రెండూ తెలుగిళ్లలో అందరికీ తెలిసిన కథలయ్యాయి. మొదటిది చల్దుల ఘట్టం. అఘాసురుడి నోటి నుంచి బయటపడ్డ గోపబాలకులు యమున ఇసుకతిన్నె మీద కృష్ణుడి చుట్టూ వలయాలుగా కూర్చుంటారు. పళ్లేలు లేవు. ఆకులు, పూరేకులు, చెట్టుబెరడు, రాతిపలకలే కంచాలు. ఒకరి మూట ఒకరు రుచి చూపించుకుంటారు, లాక్కుంటారు, నవ్వుకుంటారు. కృష్ణుడు పిల్లనగ్రోవి నడుముకు దోపి, ఎడమచేతిలో పెరుగన్నపు ముద్ద పట్టుకుని, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు ఇరికించుకుని మధ్యన కూర్చుంటాడు. ఇక్కడ నియమాలు ఒకటొకటే లెక్కపెట్టవచ్చు: అన్నం పొద్దుటిది, చెయ్యి ఎడమది, ముట్టుకున్నది పక్కవాడిది, తినేది యజ్ఞాల్లో హవిస్సు అందుకునేవాడు. గీతలో నిలవ అన్నాన్ని తామసమన్న గొంతూ, ఇక్కడ ఆ ముద్ద తింటున్న నోరూ ఒకటే. ఈ వైరుధ్యాన్ని పురాణకర్త దాచలేదు, పైకే చూపించాడు. అది చూసి తికమకపడ్డది సాక్షాత్తూ వేదాలకు పెద్ద అయిన బ్రహ్మ. ఆయన దూడలనూ పిల్లలనూ దాచేస్తాడు. భూలోకపు లెక్కలో ఏడాది గడిచాక పిల్లలు తిరిగి వస్తే, వాళ్లకు క్షణమే గడిచినట్టు ఉంటుంది. నువ్వు లేకుండా ఒక్క ముద్దా తినలేదని కృష్ణుడితో అంటారు. పరీక్ష పెట్టిన బ్రహ్మ చేతులు జోడిస్తాడు. అన్నం ఎప్పటిదన్న ప్రశ్నను ఆ పిల్లల మాట పక్కకు నెట్టేసింది. స్నేహితుడు వచ్చేదాకా ముద్ద ఎత్తకపోవడమే అక్కడ శుచి.

రెండోది మండువేసవి కథ. పశువులను తోలుకుని దూరం వెళ్లిన పిల్లలకు చెట్లు గొడుగులవుతాయి. కృష్ణుడు ఆ చెట్లను చూపించి, ఎండనూ గాలినీ వాననూ మంచునూ తాము ఓర్చుకుని ఇతరులను కాపాడతాయని, ఆకు నుంచి బూడిదదాకా తమదంతా ఇస్తాయని, అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపవని మెచ్చుకుంటాడు. ఆ తర్వాత పిల్లలకు ఆకలేస్తుంది. దగ్గరలో యజ్ఞం జరుగుతోంది, అన్నం అడగండని పంపుతాడు. యజ్ఞం చేస్తున్న విప్రులు ఔననరు, కాదనరు. పిల్లలు ఉత్త చేతులతో తిరిగి వస్తారు. ఈసారి ఆ విప్రుల భార్యలను అడగమంటాడు. వాళ్లు భర్తలు, అన్నదమ్ములు అడ్డుకున్నా ఆగకుండా నాలుగు రకాల అన్నం పాత్రల్లో నింపుకుని చెట్ల నీడకు వస్తారు. కృష్ణుడు ముందు పిల్లలకు పెట్టించి తర్వాత తాను తింటాడు. చెట్ల పొగడ్తకూ ఈ కథకూ సంబంధం గమనించాలి. అడిగినవాణ్ణి తిప్పిపంపనిది చెట్టు, తిప్పిపంపింది యాగశాల. మంత్రం, ద్రవ్యం, వేళ అన్నీ కుదిరిన చోట అన్నం ఆగిపోయింది. చెట్టు కింద అది దేవుడికి చేరింది. ఆ ఇల్లాళ్లు యజ్ఞాన్ని చెడగొట్టలేదు, దాన్ని పూర్తి చేశారు. భర్తలు తర్వాత పశ్చాత్తాపపడ్డారని భాగవతమే చెబుతుంది.

అడవి కథల్లో ఎంగిలికి కూడా అర్థం మారుతుంది. శబరి కొరికి చూసిన పండ్లను రాముడు తినడం వాల్మీకంలో లేదు. జనం కోరి చేర్చుకున్న కథ అది, అందుకే దాని విలువ ఎక్కువ. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పిన తిన్నడు తాను రుచి చూసిన మాంసాన్నే శివుడికి నివేదించాడు. ఆశ్రయదోషం, నిమిత్తదోషం రెండూ నిండుగా ఉన్న ఆ నైవేద్యాన్ని దేవుడు కాదనలేదు. ఇవన్నీ నియమాన్ని ఎగతాళి చేసే కథలు కావు. నియమం దేన్ని కాపాడటానికి పుట్టిందో చూపించే కథలు.

పురాణంలో దేవుడు చేసిన పనిని చరిత్రలో మనిషి చేయాలని చూసిన చోటు మార్కాపురానికి దూరమేమీ కాదు. 12వ శతాబ్దపు పల్నాటిలో మంత్రి బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని పల్నాటి వీరుల కథ చెబుతుంది. అంటరానివాడన్న కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాధిపతిని చేశాడని కూడా అదే కథ. మాచర్ల చెన్నకేశవుడి పేరుతో సాగిన ఆ వైష్ణవానికి పంక్తిని చెరిపెయ్యడమే ఆచారమైంది. కారంపూడిలో ఏటా కార్తీకం చివర జరిగే వీరుల ఉత్సవాల్లో చాపకూడు ఇంకా నడుస్తోంది. సిక్కుల లంగరు, 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పెట్టించిన మిశ్రభోజనం కూడా ఇదే పని చేశాయి.

ఒంగోలు సీమలో ఈ విషయం మాట్లాడేటప్పుడు మరో పచ్చిక భోజనాన్ని విడిచిపెట్టకూడదు. 1878లో మిషనరీ క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. కంభం, మార్కాపురం వైపు పల్లెల్లో సువార్త కథలు పురాణ కథలంత పాతుకుపోయాయి. యోహాను సువార్త 6వ అధ్యాయంలో కొండ దగ్గర పచ్చికలో కూర్చున్న అయిదు వేలమంది ఒక పిల్లవాడి మూటలోని అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలతో కడుపు నింపుకుంటారు. యవల రొట్టె అప్పటి పేదల సద్ది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న ప్రస్తావనే ఆ కథలో రాదు. చివర ఏదీ వృథా పోకూడదని మిగిలిన ముక్కలు ఏరి పన్నెండు గంపలు నింపుతారు. చల్దుల కథలో లేని ఆ ఏరుకునే పని ఇందులో ఉంది. అడవిలో తినేవారికి అది చాలా అవసరమైన పాఠం.

ఇన్ని కథల తర్వాత నేటి కార్తీక వనభోజనాలను చూస్తే మనసు కలుక్కుమంటుంది. కొన్ని దశాబ్దాలుగా తెలుగునాట ఊరూరా వనభోజనాలు కులాలవారీగా జరుగుతున్నాయి. ఒక్కో కులసంఘం ఒక్కో తోట మాట్లాడుకుంటుంది. బ్యానరు కడతారు, నాయకులు వస్తారు, ఉసిరికొమ్మకు పూజ చేసి సంఘబలం గురించి ప్రసంగిస్తారు. శ్రీశైలంలో సత్రాలు కులాలవారీగా ఉండటానికి ఒక చరిత్ర ఉంది. దూరం నుంచి వచ్చిన తమవారికి నీడ కల్పించాలని ఎవరికివారు కట్టుకున్నవి అవి, వాటిలో అన్నదానమూ జరుగుతుంది. తోటకు అలాంటి అవసరం లేదు. ఇంటి గోడల్లో ఉండిపోయిన పంక్తిని గోడలే లేని చోటికి మోసుకెళ్లి పరచడం వనభోజనానికి చేయగలిగిన పెద్ద అపచారం. ఒంటరిగా తినేవాడు పాపాన్నే తింటాడని ఋగ్వేదం పదో మండలం అంది, తమకోసమే వండుకునేవారి గురించి గీత మూడో అధ్యాయం అదే అంది. ఒంటరితనం ఒక్క మనిషికే ఉండాలని లేదు. వెయ్యిమంది కూర్చున్నా పక్కవాడికి చోటు లేని పంక్తి ఒంటరిదే. కార్తీకపురాణం ఉసిరిచెట్టు నీడను చెప్పింది, ఆ నీడకు కులం చెప్పలేదు.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నాన్ని నిందించవద్దని, అన్నాన్ని పెంచమని, ఇంటికి వచ్చిన ఎవరినీ కాదనవద్దని వ్రతంగా చెబుతుంది. ఈ మాటను అడవిలో నిలబడి చదివితే దిక్కు మారిపోతుంది. వనం అంటే ఊరివారికి ఇల్లు కాని చోటు. దోర్నాల, ఎర్రగొండపాలెం మండలాల చెంచుగూడేల వారికి అదే ఇల్లు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులికీ, కణుతుకూ, దుప్పికీ అదే ఇల్లు. మూట పట్టుకుని వెళ్లినవాడు అక్కడ యజమాని కాదు, అతిథి. అతిథికి పెట్టాల్సినవారి ధర్మం గురించి గ్రంథాలు చాలా చెప్పాయి. అతిథి పాటించాల్సిన ధర్మం తక్కువగా చెప్పారు. అడవి దాన్ని అడుగుతుంది.

పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తినేముందు కాకికీ, కుక్కకూ, పురుగుకూ కొంత అన్నం తీసి పెట్టడం గృహస్థు విధి. దోర్నాల-శ్రీశైలం ఘాటురోడ్డు మీద కారు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవారు ఈ పుణ్యమే చేస్తున్నామనుకుంటారు. ఫలితం తిరగబడుతోంది. కోతులు అడవి వదిలి రోడ్డుకు చేరుతున్నాయి, బండ్ల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ సంచీలో మిగిలిన అన్నపు వాసనకు దుప్పి ఆ సంచీనీ నములుతుంది. ఇంటి ముంగిట బలి తీసి పెట్టడం ఏ భావంతో మొదలైందో, అడవిలో ఏమీ విడవకపోవడం ఇప్పుడు అదే భావానికి సరిపోతుంది. మోదుగాకుల విస్తరి రెండు వానలకు మట్టిలో కలిసిపోయేది. దాని చోట వచ్చిన వెండిపూత పళ్లెం అలా కలవదు. దాన్ని మోసుకొచ్చిన చెయ్యే తిరిగి మోసుకెళ్లాలి.

కాలం మాట మిగిలింది. వనభోజనానికి కార్తీకాన్ని ఎంచుకోవడంలో అడవిని ఎరిగినవారి తెలివి ఉంది. వానలు వెనకబట్టాక సెలయేళ్లు నిండుగా ఉంటాయి, ఉసిరి కాస్తుంది, ఎండ మెత్తబడుతుంది. వేసవిలో నల్లమల అలా ఉండదు. గుండ్లకమ్మ ఇసుక తేలుతుంది, ఎండుటాకుకు నిప్పురవ్వ చాలు. అందుకే వేసవి ధర్మాన్ని సంప్రదాయం మరోలా రాసింది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. వైశాఖంలో నీళ్లకుండ దానం, పెరుగన్నం దానం. దారుల వెంట చలివేంద్రాలు. కార్తీకంలో మనిషి అన్నం తీసుకుని చెట్టు దగ్గరికి వెళతాడు. వైశాఖంలో ఎండన పడి వచ్చేవాడికోసం నీళ్లు పట్టుకుని దారిలో నిలబడతాడు. రెండోది మొదటిదానికి తక్కువ కాదు. కరువు నేల కాబట్టి మార్కాపురం వైపు ఇదే పెద్దదని కూడా అనవచ్చు. సెలవుల్లో పిల్లలతో కంభం చెరువు కట్ట మీదికో, త్రిపురాంతకం కొండకో పొద్దున్నే వెళ్లి రొట్టెలు తిని ఎండ ముదరకముందే తిరిగి వచ్చే కుటుంబం ఆ రెండు ధర్మాలనూ కలిపి పాటించవచ్చు. పొయ్యి వెలిగించనవసరం లేని సద్ది, కావలసినదానికన్నా రెండు సీసాలు ఎక్కువ నీళ్లు, దారిలో కనిపించిన గొర్రెల కాపరికి అందులో ఒకటి.

అడవి లోపల ఎండాకాలంలో అటవీశాఖవారు జంతువులకోసం సాసరులాంటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. ఆ తొట్ల దగ్గర మూట విప్పకూడదు. మనిషి వాసన తగిలితే దుప్పి నీటికి రాదు. పులి కూడా పొద్దుగూకేదాకా ఆగుతుంది.